144 ముక్కల పెట్టె

రండి, కూర్చోండి. బయట ముసురు పట్టింది, ఈ పూటకి వదిలేలా లేదు. పొయ్యి మీద అల్లం టీ మరుగుతోంది. అది దిగేలోగా మీకో పెట్టె చూపిస్తాను.

ఇది మా పిన్నిది, మాజాంగ్ ఆట సామానున్న పెట్టె. బాబాయిగారు వైమానిక దళంలో చేసేవారు. బారక్‌పూర్‌లో ఉన్న రోజుల్లో, కలకత్తా వదిలి కెనడా వెళ్ళిపోతున్న ఒక చైనా కుటుంబం దగ్గర కొన్నారట. తర్వాత బేగంపేటకి బదిలీ అయినప్పుడు సామానంతా లారీలో వచ్చింది, ఈ పెట్టె మాత్రం పిన్ని ఒళ్ళో కూర్చుని రైల్లో వచ్చింది. ఎత్తి చూడండి, మూడు కిలోలకి తక్కువుండదు.

మన సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఆఫీసర్ల ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాజాంగ్ ఆడటం ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటు. ఒక ఊళ్ళో నేర్చుకున్నావిడ ఇంకో ఊరికి బదిలీ మీద వెళ్ళి అక్కడ ముగ్గురికి నేర్పుతుంది, ఆ ముగ్గురూ మరో మూడు ఊళ్ళకి మోసుకెళ్తారు. బొంబాయి పార్శీ ఇళ్ళల్లోనూ ఈ ఆట ఉంది. నేను చూసింది మాత్రం పిన్ని ఇంట్లోనే. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట కర్టెన్లు వేసి, కూలరు పెట్టి, నలుగురు ఆడవాళ్ళు చతురస్రపు బల్ల చుట్టూ కూర్చుంటే, నేను పిన్ని కుర్చీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చునేదాన్ని. ఆట అర్థమవడానికి రెండు వేసవులు పట్టింది. సామాను మీద ప్రేమ మొదటి రోజే పుట్టింది.

చదరంగం ఉంది చూడండి, బల్ల లేకపోతే నేల మీద సుద్దతో గళ్ళు గీసుకుని, గులకరాళ్ళు పెట్టుకునైనా ఆడొచ్చు. అష్టాచెమ్మాకి గవ్వలు లేకపోతే చింతపిక్కలు అరగదీసుకుంటాం. వామనగుంటలకి నేలలో గుంటలు చాలు. మాజాంగ్ అలా కాదు. దీంట్లో సగం ఆట సామానులోనే ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందు ఈ పలకని పైకి జరపాలి. ఇదిగో, లోపల ఐదు సొరుగులు. నాలుగింట్లో ముక్కలు, ఐదోదాంట్లో చిల్లర సామాను. ముక్క అన్నానా, మనవాళ్ళు పేకలో అనే మాటే. చైనా భాషలోనూ పేకముక్కనీ దీన్నీ ఒకే మాటతో ‘పై’ అంటారు. ఇంగ్లీషువాళ్ళు టైల్ అన్నారు గానీ మన ముక్కే దీనికి చక్కగా అతికింది. పోలిక అక్కడితో ఆగదు. మీకు 13 ముక్కల రమ్మీ తెలుసుగా, ఇక్కడా చేతిలో 13 ముక్కలే. ఒకటి తీయడం, ఒకటి పారేయడం. మూడేసి ముక్కల కట్టలు నాలుగు, ఒక జత, మొత్తం 14 కుదిరితే షో. వరస కట్టొచ్చు, ఒకేలాంటివి మూడు చేర్చొచ్చు. రమ్మీ వచ్చినవాళ్ళకి ఈ ఆట ఒక్క మధ్యాహ్నంలో పట్టుబడుతుంది.

ముక్కల్ని పిన్ని చుక్కలు, కర్రలు, రాతలు అని పిలిచేది. చుక్కలంటే చైనావాళ్ళ పాత రాగి నాణేలు, మధ్యలో బెజ్జం ఉండేవి. కర్రలంటే ఆ నాణేల్ని తాడుకి గుచ్చిన దండలు. రాతల మీద కింద కనిపించే ఎర్ర అక్షరానికి పదివేలు అని అర్థం. అంటే నాణెం, నాణేల దండ, పదివేలు. చైనాలో అంతకుముందు ఆడిన పేకల మీద ఉన్న డబ్బు గుర్తులే ముక్కల మీదికి దిగాయి. మనకిది కొత్తగా అనిపించక్కర్లేదు. అష్టాచెమ్మాలో విసిరే గవ్వ కూడా ఒకప్పుడు మన దేశంలో చిల్లర డబ్బే.

ఒక్కో రకంలో ఒకటి నుంచి తొమ్మిది దాకా, ఒక్కోటి నాలుగేసి. అలా 36, మూడు రకాలకి 108. మన జపమాలలో పూసలన్ని. సిచువాన్‌లో ఈ 108తోనే సరిపెట్టుకుని ఆడతారు. మిగతాచోట్ల వీటికి తోడు నాలుగు దిక్కుల గాలులు 16, ఎరుపు, పచ్చ, తెలుపు డ్రాగన్లు 12, పూలూ ఋతువులూ 8. మొత్తం 144. పూల ముక్కలు చూడండి, ప్లమ్ పువ్వు, ఆర్కిడ్, చేమంతి, వెదురు. అరంగుళం జాగాలో చేమంతి రేకుల్ని విడివిడిగా చెక్కాడు ఆ మహానుభావుడు.

ఇప్పుడు ఈ ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకోండి. ముఖం తెల్లగా ఉంది, ఎముక. వీపు తేనె రంగులో ఉంది, వెదురు. పక్కకి తిప్పి చూడండి. ఎముకలో లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యే గాడి కోసి, దానికి సరిపడా చెక్కిన వెదురుని పక్క నుంచి జొనిపారు. వడ్రంగులు మంచి సొరుగుల మూలలకి వేసే బిగింపు ఇదే. పైకి లాగితే ఊడదు. ఇలాంటివి 144, ప్రతి ముక్కా మిగతా 143తో కొలతలో సమానం, లేకపోతే ఆటకి ముందు ముక్కల్ని గోడలా పేర్చినప్పుడు ఒకటి ఎగుడు, ఒకటి దిగుడుగా తెలిసిపోతుంది. పశువు కాలి ఎముక గోడ మందం తక్కువ. అందుకే ఎముక పొర ఎంత మందంగా ఉంటే సెట్టుకి అంత ధర పలికేది. పిన్ని సెట్టులో అది ఒక వంతు, వెదురు రెండు వంతులు. మధ్యరకం సెట్టు. మాకదే ఎక్కువ.

బొటనవేలితో ముఖం తడమండి. గాట్లు తెలుస్తున్నాయా? రంగు పైన పూసింది కాదు, గాటులో నింపింది. పిన్ని గోడ నుంచి ముక్క తీసేటప్పుడు అరచేయి కిందికి పెట్టి, బొటనవేలు ముఖం మీద ఒక్కసారి రాసి, చూడకుండానే బల్ల మధ్యకి పారేసేది. “మూడో చుక్క” అనేది. తిప్పితే మూడో చుక్కే. నాకది మంత్రంలా ఉండేది. అలవాటైన చేతికి అది కష్టం కాదని తర్వాత తెలిసింది. చైనాలో, జపాన్‌లో పాత ఆటగాళ్ళు చాలామంది అలాగే పడతారు. రాతల్లో అయిదుకీ ఆరుకీ తేడా పట్టడమే గట్టి పరీక్ష.

కర్రల్లో ఏడో నంబరువి నాలుగూ తీస్తాను, పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తేడాగా ఉంది కదూ? నాకు పదేళ్ళప్పుడు ఒక ఏడో కర్రని ఆడుకుంటూ మేడ మీద ఎక్కడో పారేశాను. మూడు రోజులు వెతికాం, దొరకలేదు. మంచి సెట్టులో ఏ గుర్తూ చెక్కని ముక్కలు మూడో నాలుగో ఉంటాయి, ఇలాంటి అవసరానికే. పిన్ని అందులో ఒకటి తీసి, స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టే అబ్బాయి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అతను ముక్కని తిప్పి తిప్పి చూసి, “ఎముకమ్మా, పగిలితే నన్ననకండి” అని చెప్పి, పెన్సిల్‌తో గీసుకుని మెల్లగా ఏడు గీతలు కొట్టాడు. పచ్చ, ఎరుపు రంగులు పిన్ని నింపింది. ముఖం బాగానే కుదిరింది. వీపు మాత్రం మిగతావాటికంటే లేత రంగు, ఎన్నో ఏళ్ళ చేతి చెమట దానికి పట్టలేదుగా. గోడలో ఆ ముక్క ఎక్కడుందో నలుగురికీ తెలిసిపోతుంది. దాన్ని చూసి ఆడకూడదని నలుగురూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు ఎవరూ తప్పగా నేను చూడలేదు.

గోడ అన్నానుగా, అది కట్టడం కూడా చూడాల్సిందే. ముక్కలన్నీ బోర్లించి రెండు చేతులతో కలుపుతారు. కలపడం అయ్యాక ఒక్కొక్కరు తమ ముందు 18 ముక్కల వరస పేర్చి, దాని మీద ఇంకో వరస ఎక్కిస్తారు. నాలుగు గోడలూ కలిసి చతురస్రపు కోటవుతుంది. పాచికలు వేసి ఎక్కడ గోడ విరగ్గొట్టాలో తేలుస్తారు, అక్కణ్ణుంచి ముక్కలు పంచుతారు. పేకలో కట్ట ఒకరి చేతిలో ఉంటుంది, కలిపేవాడి చేతివాటం మీద అనుమానాలు లేస్తాయి. ఇక్కడ కట్ట నలుగురి ముందూ ఉంది. ఎక్కడ విరుగుతుందో పాచిక చెబుతుంది. ఇంత బాగా ఆలోచించిన ఏర్పాటు ఇంకో ఆటలో నేను చూడలేదు.

ముక్కలు కలిపే చప్పుడు వల్లే ఆటకి పేరొచ్చిందని చెబుతారు. చైనాలో ఇప్పుడు మాజ్యాంగ్ అంటున్నారు గానీ, హాంకాంగ్‌వాళ్ళు ‘మా జెక్’ అనే మాట అలాగే ఉంచుకున్నారు. ఆ మాటకి అర్థం పిచ్చుక. ముక్కలు ఒకదానికొకటి తగులుతుంటే పిచ్చుకల గుంపు కిచకిచలాడినట్టే ఉంటుంది. ఇది ఎముక, వెదురు చప్పుడు, మెత్తగా ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కలైతే టకటకమని పక్కింటికి వినిపిస్తాయి. పిచ్చుక ముక్కల మీదా కనిపిస్తుంది. ఒకటో కర్ర తీయండి. కర్ర లేదు, పక్షి ఉంది. కొన్ని సెట్లలో పిచ్చుక, కొన్నిట్లో నెమలి, కొన్నిట్లో కొంగ. చెక్కేవాడి చేతిని బట్టి పక్షి మారుతుంది. పాత సెట్లు సేకరించేవాళ్ళు ముందు ఈ పక్షినే చూస్తారు, ఎక్కడి పనో, ఏ కాలపు పనో అంచనా కట్టడానికి.

ఈ ఆట 19వ శతాబ్దంలో చైనాలో రూపు దిద్దుకుంది. నింగ్బో రేవు పట్నానికి చెందిన చెన్ యూమెన్ అనే ఆయన దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. అక్కడి తియాన్‌యీ గ్రంథాలయం ఆవరణలో మాజాంగ్ మ్యూజియం కూడా ఉంది. చైనా దాటి దీన్ని పెద్ద ఎత్తున మోసుకెళ్ళింది మాత్రం ఒక అమెరికన్. జోసెఫ్ పార్క్ బాబ్‌కాక్ అని, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఉద్యోగి, సూచౌలో పనిచేశాడు. 1920లో నియమాల్ని సులువు చేసి చిన్న ఎర్ర పుస్తకం వేశాడు. చైనా అంకెలు రానివాళ్ళ కోసం ముక్కల మూలల్లో 1, 2, 3 వేయించి అమ్మాడు. పిన్ని సెట్టులోనూ అవి ఉన్నాయి, అందుకే నాకు చైనా అంకెలు రావడానికి అన్నేళ్ళు పట్టింది.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు అమెరికాకి మాజాంగ్ పూనకం పట్టింది. సెట్లు చేయడానికి చైనాలో ఎముక చాలలేదు. చికాగో, కాన్సాస్ సిటీ కబేళాల నుంచి ఆవు ఎముకలు ఓడలెక్కి షాంఘై వెళ్ళి, అక్కడ ముక్కలై, మళ్ళీ అమెరికా చేరాయి. చేతిలో ముక్క పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ రెండు సముద్ర ప్రయాణాలూ గుర్తొస్తాయి.

పూనకం తగ్గినా అమెరికాలో ఆట మిగిలింది, ముఖ్యంగా యూదుల ఇళ్ళల్లో. 1937లో న్యూయార్క్‌లో ఆడవాళ్ళు నేషనల్ మాజాంగ్ లీగ్ పెట్టుకుని, ఏ ముక్కల కూర్పులు చెల్లుతాయో ఏటేటా కార్డు అచ్చువేయడం మొదలుపెట్టారు. అది ఇప్పటికీ వస్తోంది. వాళ్ళ సెట్టులో 8 జోకర్లు చేరి ముక్కలు 152 అయ్యాయి. ఎముక పోయి బేకలైట్ వచ్చింది. ముక్కలు నిలబెట్టుకోవడానికి ర్యాకులు, గోడని ముందుకి నెట్టడానికి ర్యాకుకి ఇంకో పట్టీ. చైనావాళ్ళు ర్యాకు లేకుండా ముక్కలు బల్ల మీదే నిలబెట్టుకుంటారు. వాళ్ళ ముక్కలు మందం, వాటంతటవే నిలుస్తాయి. పిన్ని ర్యాకులు వాడేది, చేతి వేళ్ళ నొప్పులు మొదలయ్యాక అవి లేకుండా ఆడలేకపోయేది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ర్యాకులు తప్పనిసరి అంటాను.

ఐదో సొరుగు తీద్దాం. ఇవి పాచికలు, మన పాచికలకంటే చిన్నవి. ఈ చెక్క డబ్బీలో నాలుగు దిక్కుల బిళ్ళలు, నలుగురిలో ఎవరిది ఏ దిక్కో గుర్తుండటానికి. ఈ సన్నటి ఎముక పుల్లలు లెక్క కోసం. ఎరుపు, నలుపు చుక్కల్ని బట్టి ఒక్కో పుల్లకి ఒక్కో విలువ. జపాన్‌వాళ్ళు ఇలాంటి పుల్లలే ఇప్పటికీ వాడతారు, 100, 1000, 5000, 10000 అని. సాధారణంగా ఒక్కొక్కరికి 25000 పాయింట్ల పుల్లలిచ్చి ఆట మొదలుపెడతారు. జపాన్‌లో ఇంకో మంచి అలవాటుంది. పారేసిన ముక్కల్ని ఎవరివి వాళ్ళ ముందు వరసగా పేరుస్తారు. ఎవరు ఏది ఎప్పుడు వదిలారో కళ్ళ ముందుంటుంది. మా పిన్ని బల్ల మీద అన్నీ మధ్యలో కుప్పే.

నాలుగేళ్ళ క్రితం హాంకాంగ్‌లో ఉంటున్న మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. వెళ్ళిన రెండో రోజు దాని కూతురు బడి నుంచి వచ్చి ‘మాజాంగ్ కాగితం’ కావాలంది. నాకర్థం కాలేదు. మాజాంగ్ బల్ల మీద పరిచే పెద్ద తెల్ల కాగితమట, చప్పుడు తగ్గడానికి, ముక్కలు జారకుండా. బళ్ళో పిల్లలు చార్టులు గీయడానికీ అదే వాడతారు, అక్కడ ఆ సైజు కాగితానికి పేరే అది.

ఆ పిల్లే నన్ను ఒక చిన్న కొట్టుకి తీసుకెళ్ళింది. మేడ మెట్ల కింద, ఇద్దరు నిలబడితే నిండిపోయే జాగా. ఒక పెద్దాయన ముక్కలు చెక్కుతున్నాడు. ఎదురుగా వేలాడే బల్బు కింద ప్లాస్టిక్ ముక్కలు వరసగా పెట్టి ఉన్నాయి, వేడికి మెత్తబడటానికి. ఒకటి తీసి, బిగింపులో పెట్టి, గీసుకోకుండా, చూసుకోకుండా ఉలితో అక్షరం చెక్కేశాడు. చుక్కలకి వేరే పనిముట్టు, చేత్తో తిప్పే బరమా లాంటిది. తర్వాత ముక్కంతా రంగు పూసి, ఆరాక పైపైన గీకేశాడు. గాట్లలో రంగు ఉండిపోయింది. ఈ పనిని హాంకాంగ్ ప్రభుత్వం తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చేసేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. మెషీన్ చెక్కిన సెట్టు ధరకీ దీని ధరకీ పోలిక లేదు. నా దగ్గరున్న డబ్బుకి ఒక్క ముక్క వచ్చింది, ఎర్ర డ్రాగన్. మీ ఫోన్లో ఎమోజీల మధ్య ఎర్రక్షరం ఉన్న తెల్ల ముక్క ఒకటుంటుంది చూడండి, అదే ఇది.

ఆటోమేటిక్ బల్లలు కూడా అక్కడే చూశాను. బొత్తాం నొక్కితే బల్ల మధ్య భాగం తెరుచుకుంటుంది, ఆడిన ముక్కలన్నీ లోపలికి తోస్తారు. ఇంకో రంగు వీపున్న రెండో సెట్టు గోడలు కట్టుకుని నాలుగు పక్కల నుంచి పైకొస్తుంది. నలుగురూ దాంతో ఆడుతుంటే లోపల మొదటి సెట్టు గిరగిరా తిరిగి, కలిసి, పేర్చుకుంటుంది. ప్రతి ముక్కలోనూ అయస్కాంతం ఉంటుంది, దాంతోనే మెషీన్‌కి ఏది ముఖమో ఏది వీపో తెలుస్తుంది. పనితనం మెచ్చుకోవలసిందే, కలిపే టైము మిగులుతుంది. కానీ నలుగురి చేతులూ ఒకే కుప్పలో కలిసి తిరిగే ఆ రెండు నిమిషాల్లోనే పిన్నివాళ్ళ మాటలన్నీ దొర్లేవి. ఆ రెండు నిమిషాలు తీసేసిన బల్ల నాకొద్దు.

కంప్యూటర్లో జతలు తీసేసే ఆటని మాజాంగ్ అనుకునేవాళ్ళు మనలో చాలామంది. ముక్కలవే, ఆట వేరు. దాన్ని 1981లో బ్రోడీ లాకార్డ్ అనే అమెరికన్ కుర్రాడు తయారుచేశాడు. జిమ్నాస్టిక్స్‌లో పడి మెడ దెబ్బతిని, చేతులు కదలని స్థితిలో, నోట్లో పుల్ల పెట్టుకుని మీటలు నొక్కి రాశాడు. ఆ సంగతి తెలిశాక తెర మీది ముక్కల్ని తక్కువ చేసి మాట్లాడటం మానేశాను. చేతులున్నవాళ్ళం మాత్రం చేతులతోనే ఆడదాం.

కొనాలనిపిస్తే ఒక్క జాగ్రత్త. నేను ఆన్‌లైన్‌లో ‘దంతపు సెట్టు’ అని నమ్మి డబ్బు కట్టి మోసపోయాను. వచ్చింది మామూలు ఎముక. వెలుతురులో పట్టుకుని చూడండి, ఎముకలో సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి, ఒకప్పటి రక్తనాళాల దారులవి. దంతంలో అవి ఉండవు. అయినా నిజంగా దంతమే అయితే అసలు ముట్టుకోకూడదు, మన దేశంలో ఏనుగు దంతం అమ్మకం, కొనుగోలు రెండూ నేరమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అంకెలున్న ప్లాస్టిక్ సెట్టు చాలు. మిరపకాయ బజ్జీల చేతులతో ముట్టుకున్నా సబ్బు నీళ్ళతో కడిగేయొచ్చు. ఎముక సెట్టుని మాత్రం నీళ్ళలో ముంచకండి, వెదురు ఉబ్బి బిగింపు వదులవుతుంది. గట్టిగా పిండిన బట్టతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ఎముక పగుళ్ళిస్తుంది.

టీ దిగింది. మీ బంధువుల్లో ఎవరైనా సైన్యంలో చేసినవాళ్ళుంటే, వాళ్ళ అటక మీద ఇలాంటి పెట్టె ఉందేమో అడగండి. ఉంటే పాత సామాన్లవాడికి వేయనివ్వకండి. కిందికి దించి, దుప్పటి మీద పరిచి, ముక్కలు లెక్కపెట్టండి, 144 ఉండాలి. ఒకటి తక్కువైతే ఏమీ చెక్కని ముక్క కోసం ఐదో సొరుగులో వెతకండి.